గుండెకు వెల కట్టినవారు లెక్క చెప్పాలి

వ్యాపార్ విహార్ టోకు బజారులో బియ్యం కొనే వర్తకుడు ధర ఒక్కటే విని బేరం ముగించడు. బస్తాలోకి గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు బయటికి తీస్తాడు. అరచేతిలో పోసుకుని నూక ఎంతో, తేమ ఎంతో, రంగు మారినవి ఎన్నో చూస్తాడు. ఆ తరువాతే ధర మాట. సరుకు చూడకుండా వెల కట్టరాదన్నది ఆ బజారులో ఎవరికీ ఎవరూ నేర్పనక్కరలేని నీతి.

అదే వర్తకుడు తన గుండె విషయానికి వచ్చేసరికి ఈ నీతిని వదులుకోవలసి వస్తున్నది. ఏటా వేల రూపాయల ప్రీమియం కట్టి కొన్న ఆరోగ్య బీమా పాలసీతో పాటు అతని చేతికి ఆసుపత్రుల జాబితా ఒకటి వస్తుంది. అందులో ఆసుపత్రి పేరు ఉంటుంది, చిరునామా ఉంటుంది, ఫోను నంబరు ఉంటుంది. గుండెపోటుతో ఆ తలుపు తట్టిన నూరుమందిలో ఎందరు నడిచి ఇంటికి వెళ్లారో ఉండదు. రాత్రి రెండు గంటలకు వెళ్తే రక్తనాళం తెరిచే వైద్యుడు ఎన్ని నిమిషాల్లో వస్తాడో ఉండదు. అవసరం లేని స్టెంటు ఎందరికి వేశారో అసలే ఉండదు. బియ్యానికి ఉన్నపాటి పరీక్ష గుండె వైద్యానికి లేదు.

పరీక్ష చేసేవారు లేక కాదు. బీమా సంస్థలు ఆసుపత్రులను నిత్యం మదింపు చేస్తూనే ఉన్నాయి. ఎవరిని జాబితాలో చేర్చాలి, ఎవరిని తీసివేయాలి, ఎవరికి ఎంత రేటు ఇవ్వాలి అన్నవన్నీ ఆ మదింపు ఫలితాలే. అయితే ఆ మదింపు ఖర్చుకు సంబంధించినది. దానిని వైద్య నాణ్యతకు ముద్రగా చలామణీ చేయడమే నేటి ఆరోగ్య బీమా రాజకీయంలోని అసలు మాయ. ఆ మాయను కేంద్రంలోని పాలకులు, రాష్ట్రాల్లోని పాలకులు, ప్రైవేటు సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థలు అందరూ కలిసే పోషిస్తున్నారు.

నాలుగు కార్డులు, నాలుగు జాబితాలు

ఈ చర్చకు బిలాస్‌పూర్ కంటే తగిన ఊరు దొరకడం కష్టం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇది రైలు పట్టణం. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు ప్రధాన కేంద్రం. కోల్ ఇండియా అనుబంధ సంస్థ ఎస్.ఈ.సి.ఎల్. ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే. రైల్వే కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో ఉన్నాయి. అటువంటి ఒకే కుటుంబంలో నాలుగు రకాల వైద్య కార్డులు కనిపించినా ఆశ్చర్యం లేదు. రైల్వేలో పదవీ విరమణ చేసిన తాతకు ఉద్యోగ విరమణ వైద్య పథకం కార్డు. బొగ్గు గనుల సంస్థలో పనిచేసే కొడుక్కు ఆ సంస్థ కార్డు. వ్యాపార్ విహార్‌లో దుకాణం నడిపే అల్లుడికి ప్రైవేటు బీమా పాలసీ. ఆ దుకాణంలో మూటలు మోసే కూలీకి ఆయుష్మాన్ కార్డు.

నాలుగు కార్డులకు నాలుగు జాబితాలు. ఒక జాబితాలో ఉన్న ఆసుపత్రి మరొక దానిలో ఉండకపోవచ్చు. ఒకరు రైల్వే వైద్యుడి రిఫరల్ కాగితం తెచ్చుకోవాలి, ఒకరు ముందస్తు అనుమతి కోసం ఎదురు చూడాలి, ఒకరు వేలిముద్ర వేయాలి. నలుగురి ఛాతీలోనూ ఉన్నది ఒకే రకమైన గుండె. మూసుకుపోయిన నాళం నలుగురికీ ఇచ్చే వ్యవధి ఒక్కటే. కానీ ఈ నాలుగు జాబితాలలో దేనిని చూసినా, ఈ పట్టణంలో గుండె వైద్యం ఎక్కడ బాగా జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు దొరకదు. జాబితా చెప్పేది ఒక్కటే: ఈ ఆసుపత్రికి మాకూ మధ్య రేటు కుదిరింది.

రేటు నుంచి పుట్టిన గౌరవం

ఈ పద్ధతి ఎలా మొదలైందో గుర్తు చేసుకోవాలి. 2010 జూలైలో న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ బీమా సంస్థలు ఢిల్లీ, ముంబై, బెంగళూరు, చెన్నై నగరాల్లో అనేక పెద్ద ఆసుపత్రులకు నగదు రహిత సౌకర్యాన్ని నిలిపివేశాయి. బీమా ఉన్న రోగి కనిపిస్తే బిల్లు ఉబ్బిపోతున్నదన్నది వాటి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అయితే పరిష్కారంగా అవి ఎంచుకున్న దారి ఏమిటి? ముందుగా నిర్ణయించిన ప్యాకేజీ ధరలకు ఒప్పుకున్న ఆసుపత్రులతో కొత్త జాబితా తయారు చేసి, దానికి ప్రాధాన్య ఆసుపత్రుల జాబితా అని పేరు పెట్టాయి. ప్రాధాన్యం అన్న గౌరవప్రదమైన మాట ఆ విధంగా ధరకు ఒప్పుకున్నందుకు దక్కే బిరుదు అయింది.

2018 సెప్టెంబర్ 23న రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ఈ లోపాన్ని కొంత దిద్దుతుందని ఆశించినవారున్నారు. నాణ్యతకు ప్రతిఫలం అన్న సూత్రాన్ని ఆ పథకం అంగీకరించింది కూడా. ఎన్.ఏ.బి.హెచ్. పూర్తి గుర్తింపు ఉన్న ఆసుపత్రికి ప్యాకేజీ రేటుపై 15 శాతం, ప్రాథమిక గుర్తింపు ఉంటే 10 శాతం అదనంగా ఇచ్చే ఏర్పాటు చేసింది. సూత్రం మంచిదే, కొలబద్దే చాలదు. ఆ గుర్తింపు ప్రధానంగా చూసేది ఆసుపత్రి నడిచే తీరును: రికార్డులు ఉన్నాయా, అంటువ్యాధుల నివారణకు ఏర్పాట్లు ఉన్నాయా, సిబ్బందికి శిక్షణ ఉందా. ఇవన్నీ కావలసినవే. కాని వంటగది శుభ్రంగా ఉన్నంత మాత్రాన అన్నం ఉడికినట్లు కాదు. ఉడికిందో లేదో తెలియాలంటే మెతుకు పట్టి చూడాలి. గుండె వైద్యంలో మెతుకు అంటే ఫలితం. రోగి బతికాడా, ముప్పై రోజుల తరువాత ఉన్నాడా, ఏడాది తరువాత ఉన్నాడా, మళ్లీ ఆసుపత్రి పాలయ్యాడా?

చేతులు ఎవరివో చూడని మదింపు

ఈ కొలబద్ద ఎంత గుడ్డిదో 2025 ఏప్రిల్‌లో దేశమంతా చూసింది. మధ్యప్రదేశ్‌లోని దమోహ్ పట్టణంలో ఒక మిషన్ ఆసుపత్రిలో, లండన్‌కు చెందిన ప్రసిద్ధ హృద్రోగ నిపుణుడు జాన్ కామ్ పేరును తగిలించుకున్న ఒక వ్యక్తి నకిలీ అర్హతలతో గుండె చికిత్సలు చేశాడని, ఏడుగురు చనిపోయారని జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. ఆ వ్యక్తిని పోలీసులు ప్రయాగ్‌రాజ్‌లో అరెస్టు చేశారు. ఆ ఆసుపత్రికి ఆయుష్మాన్ పథకం కింద ప్రభుత్వ సొమ్ము అందుతున్నదని కమిషన్ సభ్యుడు ప్రియాంక్ కానూంగో బహిరంగంగా చెప్పారు.

ఆ వార్త బిలాస్‌పూర్‌లో పాత గాయాన్ని రేపింది. ఛత్తీస్‌గఢ్ శాసనసభ తొలి స్పీకర్, కోట నియోజకవర్గ శాసనసభ్యుడు రాజేంద్ర ప్రసాద్ శుక్లా 2006 ఆగస్టులో ఇక్కడి అపోలో ఆసుపత్రిలో గుండె చికిత్స అనంతరం మరణించారు. ఆయనకు చికిత్స చేసింది ఈ వ్యక్తే అని కుటుంబ సభ్యులు ఫిర్యాదు చేయగా, దాదాపు పంతొమ్మిదేళ్ల తరువాత బిలాస్‌పూర్ పోలీసులు కేసు నమోదు చేశారు. నిందితులు ఎంతవరకు దోషులో, ఎవరి బాధ్యత ఎంతో తేల్చవలసింది న్యాయస్థానం. కాని న్యాయస్థానం తేల్చేదాకా ఆగనక్కరలేని ప్రశ్న ఒకటి ఉంది. శాసనసభ స్పీకర్ పదవి నిర్వహించిన మనిషి కుటుంబానికే తమవారి గుండెను తాకిన చేతులు ఎవరివో తెలుసుకోవడానికి రెండు దశాబ్దాలు పడితే, వ్యాపార్ విహార్‌లో మూటలు మోసే మనిషికి ఏ ఆధారం ఉంది?

ప్రతి క్లెయిము కాగితం మీదా చికిత్స చేసిన వైద్యుడి పేరు ఉండాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సొమ్ము చెల్లించేవారు ఆ నంబరును వైద్య మండలి రిజిస్టరుతో పోల్చి చూడటానికి ఎంత సేపు పడుతుంది? ఒకే వైద్యుడి చేతి మీదుగా కొద్ది వారాల్లో అన్ని మరణాలు జరిగితే కంప్యూటరులో ఎర్రదీపం వెలగనక్కరలేదా? గది అద్దె పరిమితి కంటే వంద రూపాయలు ఎక్కువైతే పసిగట్టే యంత్రాంగం, మరణాల వరుసను పసిగట్టలేకపోవడం సాంకేతిక లోపం అనుకోవడానికి వీల్లేదు. డబ్బును వెతకమని చెప్పారు కనుక అది డబ్బునే వెతుకుతుంది. ప్రాణాన్ని వెతకమని దానికి ఎవరూ చెప్పలేదు.

స్టెంటు వేయడమే వైద్యం అయినప్పుడు

గుండె చికిత్స సార్థకతను కొలవడంలో ఇంకొక చిక్కు ఉంది. విజయవంతంగా జరిగిన చికిత్స అసలు అవసరమేనా అన్నది కూడా చూడాలి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో సకాలంలో వేసిన స్టెంటు ప్రాణం నిలుపుతుంది. అందులో సందేహం లేదు. కాని నిలకడగా ఉన్న ఛాతీ నొప్పి విషయం వేరు. 2007లో వెలువడిన కరేజ్ పరీక్ష, 5,179 మంది రోగులతో జరిగి 2020లో ప్రచురితమైన ఇస్కీమియా పరీక్ష దాదాపు ఒకే మాట చెప్పాయి. అటువంటి రోగులలో మందులకు తోడు ముందుగానే స్టెంటు వేయడమో బైపాస్ చేయడమో మరణాలను తగ్గించలేదు. నొప్పి నుంచి ఉపశమనం మాత్రం కొందరికి ఎక్కువ కలిగింది.

ఈ శాస్త్రీయ సత్యం బీమా ప్యాకేజీల భాషలోకి ఇంకా సరిగా అనువాదం కాలేదు. ప్యాకేజీ స్టెంటుకు పెద్ద మొత్తం ఇస్తుంది. రోగిని కూర్చోబెట్టి, మందులు రాసి, పొగ మానిపించి, రక్తపోటు అదుపులో పెట్టి, ఆరునెలలకొకసారి పిలిచి చూసే వైద్యుడికి అటువంటి మొత్తం దక్కదు. ఫలితం ఏమవుతుందో 2024 నవంబరులో గుజరాత్‌లో కనిపించింది. మెహసాణా జిల్లా బోరిసణా గ్రామంలో ఉచిత శిబిరం పెట్టి, 19 మందిని అహ్మదాబాద్‌లోని ఖ్యాతి ఆసుపత్రికి తరలించారు. వారిలో ఏడుగురికి స్టెంట్లు వేశారు. ఇద్దరు చనిపోయారు. ఆయుష్మాన్ సొమ్ము కోసమే అవసరం లేని చికిత్సలు చేశారన్న ఆరోపణపై కేసులు, అరెస్టులు జరిగాయి. ఊళ్లో జనం గొడవ చేయకపోయి ఉంటే ఆ ఆసుపత్రి, ఎక్కువ గుండె చికిత్సలు చేసిన సంస్థగా జాబితాలో మరింత మెరిసేది.

ఛత్తీస్‌గఢ్‌కు ఇది కొత్త పాఠం కూడా కాదు. 2012లో, కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల రక్షణ ఇచ్చే రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన అమలులో ఉన్న రోజుల్లో, పేద స్త్రీలకు అవసరం లేకపోయినా గర్భసంచి తొలగించి బీమా సొమ్ము కాజేశారన్న ఆరోపణలు ఈ రాష్ట్రాన్ని కుదిపేశాయి. నాడు గర్భసంచి, నేడు గుండె. ఎక్కడ ప్యాకేజీ ఉంటే అక్కడ రోగం కనిపిస్తుంది.

స్టెంటు ధరల కథ కూడా ఇదే చెబుతుంది. హైదరాబాద్ వైద్యుడు సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలామ్ కలిసి తొంభయ్యో దశకంలోనే చౌకైన స్వదేశీ స్టెంటు సాధ్యమని నిరూపించారు. అయినా 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు, పూత లేని దానికి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించేదాకా దేశంలో లక్షకు పైబడిన స్టెంట్లే రాజ్యమేలాయి. అన్నేళ్లూ బిల్లులు చెల్లించిన బీమా సంస్థలకు ఈ దోపిడీ తెలియదా? తెలుసు. ఆ భారాన్ని ప్రీమియంలోకి మార్చుకునే వీలు ఉన్నంతకాలం వాటికి నిద్రాభంగం కాలేదు.

జాబితాలో ఉండటం వేరు, అందుబాటులో ఉండటం వేరు

సార్థకత సంగతి అలా ఉంచి, అందుబాటును ఎలా కొలుస్తున్నారు? ఎన్ని ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయో లెక్కపెట్టి. ఇది బావులు లెక్కపెట్టి దాహం తీరిందనుకోవడం.

గుండెపోటులో అందుబాటు అంటే నిమిషాలు. ఆసుపత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లోపు మూసుకుపోయిన నాళం తెరవాలన్నది ప్రపంచం అంగీకరించిన ప్రమాణం. నాళం తెరిచే సౌకర్యం ఉన్న చోటికి రెండు గంటల్లో చేర్చలేమనుకుంటే, గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను ఉన్న చోటే ఇచ్చి ఆ తరువాత తరలించాలి. ఈ ప్రమాణంతో బిలాస్‌పూర్ చుట్టుపక్కల పటాన్ని చూస్తే నిజం బయటపడుతుంది. గౌరేలా పేండ్రా మర్వాహీ జిల్లాలోని అడవి గ్రామం నుంచి, కోర్బా గనుల నుంచి, ముంగేలీ పొలాల నుంచి గుండెపోటు రోగి ముందు చేరేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో జిల్లా ఆసుపత్రికో. అక్కడ ఈసీజీ తీసి, చదివి, ఇంజెక్షన్ ఇవ్వగలిగితే అతనికి బతికే అవకాశం ఉంటుంది. లేకపోతే బిలాస్‌పూర్‌లో ఎన్ని క్యాథ్ ల్యాబులు ఉన్నా, అవి ఎన్ని జాబితాలలో ఉన్నా అతనికి ఒరిగేది లేదు.

ఇది చేయలేని పని ఏమీ కాదు. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో కలిపి, అంబులెన్సులో ఈసీజీ ఏర్పాటు చేసి ఒక వ్యవస్థను నడిపినప్పుడు, ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గినట్లు 2017లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో తిరుపతి ప్రాంతం నుంచి మొదలైన స్టెమీ కార్యక్రమం ఇదే దారి పట్టింది. ఈ రెండు చోట్లా కొలమానం విడి ఆసుపత్రి కాదు, రోగి నడిచిన మొత్తం దారి. మన బీమా మదింపులకు ఈ దారి కనిపించదు. వాటి లెక్క రోగి బిల్లింగు కౌంటరు ముందు నిలబడిన క్షణం నుంచి మొదలవుతుంది.

అందుబాటుకు మరొక శత్రువు బకాయి. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై దేశానికే నమూనాగా నిలిచిన ఆరోగ్యశ్రీ పుట్టిన తెలుగు నేల మీదే, 2025లో బకాయిలు చెల్లించడం లేదంటూ తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేశాయి. ఆ రోజుల్లో కూడా ఆ ఆసుపత్రుల పేర్లు జాబితాలో ఉన్నాయి. కార్డులు జేబులో ఉన్నాయి. వైద్యం మాత్రం లేదు. విచిత్రం ఏమిటంటే, ఇదే తెలుగు రాష్ట్రాల్లో పాలకులు 2023 డిసెంబరులో పరిమితిని పెంచే పోటీకి దిగారు. ఒకరు ఐదు లక్షలను పది లక్షలు చేశారు, మరొకరు ఇరవై ఐదు లక్షలు చేశారు. ఇవ్వని సొమ్ముకు పరిమితి ఎంత పెంచితే ఏమి? ఓటరు అడగవలసింది కార్డు మీది అంకెను కాదు, ఆ కార్డు పట్టుకుని వెళ్లినవారిలో ఎందరు తిరిగి వచ్చారన్న అంకెను.

ప్రైవేటు పాలసీ కొన్నవారు తమకు ఈ బెడద లేదనుకుంటే పొరపాటే. బీమా నియంత్రణ సంస్థ లెక్కల ప్రకారం 2023-24లో ఆరోగ్య బీమా సంస్థల ముందుకు వచ్చిన సుమారు 1.17 లక్షల కోట్ల రూపాయల క్లెయిములలో చెల్లించినది 83 వేల కోట్ల పైచిలుకు మాత్రమే. నగదు రహిత అనుమతిపై గంటలోపు నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటలు దాటరాదని 2024 మేలో ఆ సంస్థ ఆదేశించడం స్వాగతించవలసిందే. అయితే కాగితానికి గడువు పెట్టిన నియంత్రణ సంస్థ, గుండె నాళానికి ఉన్న గడువును ఆసుపత్రులు పాటిస్తున్నాయో లేదో ప్రకటించమని బీమా సంస్థలను అడగలేదు.

వారి వాదనలు, వాటి బరువు

బీమా సంస్థలకు, ఆసుపత్రులకు సిద్ధంగా ఒక సమాధానం ఉంది. మరణాల లెక్క బయటపెడితే వైద్యులు కష్టమైన రోగులను ముట్టుకోరు, బాగా జబ్బుపడినవారే నష్టపోతారు అని. ఇది తోసిపుచ్చదగిన వాదన కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం బైపాస్ శస్త్రచికిత్స మరణాలను ఆసుపత్రుల వారీగా ప్రకటించడం మొదలుపెట్టినప్పుడు ఇదే భయం వ్యక్తమైంది. తీవ్ర రోగులను తప్పించుకునే ధోరణి కొంత ఏర్పడిందని 2003లో వెలువడిన ఒక ప్రసిద్ధ ఆర్థిక అధ్యయనం చెప్పింది కూడా. కాని అదే న్యూయార్క్‌లో 1989 నుంచి 1992 వరకు, రోగుల తీవ్రతను లెక్కలోకి తీసుకుని సవరించిన మరణాల శాతం 4.17 నుంచి 2.45కు దిగింది. లెక్క ప్రకటించడంలో ప్రమాదం ఉంది. దాచడంలో అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. రోగి వయసు, మధుమేహం, మూత్రపిండాల స్థితి, గుండె బలం లెక్కలోకి తీసుకుని సవరించే పద్ధతులు మూడు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి.

దాచడం వల్ల ఏమవుతుందో బ్రిటన్ చెబుతుంది. బ్రిస్టల్ రాయల్ ఇన్ఫర్మరీలో పసిపిల్లల గుండె శస్త్రచికిత్సలలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని లోపలివారికి తెలుసు. ఒక మత్తు వైద్యుడు అంకెలు చూపి హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. 2001లో వెలువడిన విచారణ నివేదిక, 1991 నుంచి 1995 వరకు ఏడాదిలోపు పిల్లల్లో సాధారణంగా ఊహించదగిన దానికంటే 30 నుంచి 35 మంది ఎక్కువగా మరణించారని అంచనా వేసింది. అంకెలు అరలో ఉన్నన్నాళ్లూ పిల్లలు చనిపోతూనే ఉన్నారు.

రెండో వాదన, మన దేశంలో నమ్మదగిన సమాచారమే లేదన్నది. ఇందులోనూ నిజం ఉంది. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, ఆయుష్మాన్ పథకంలో చికిత్స పొందుతూ మరణించిన 88,760 మంది పేరిట 2,14,923 క్లెయిములు కొత్త చికిత్సలుగా నమోదైనట్లు చూపింది. అటువంటివి ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ముందస్తు అనుమతి కోరడానికి ఆసుపత్రులకు కొన్ని రోజుల వెసులుబాటు ఉన్నందున కొన్ని తేదీలు అలా కనిపించాయని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఆ వివరణను పూర్తిగా అంగీకరించినా మిగిలే నిజం ఒకటుంది. చనిపోయిన రోగి ఎవరో బతికిన రోగి ఎవరో స్పష్టంగా చెప్పలేని సమాచార వ్యవస్థ ఆసుపత్రి నాణ్యతను కొలవలేదు. దీనికి మందు లెక్క సరిచేయడం, లెక్క మానేయడం కాదు. లోకానికి చూపించవలసి వస్తుందని తెలిస్తే తప్ప ఎవరూ తమ పద్దులు సరిగా రాయరు. అది వ్యాపార్ విహార్ గుమాస్తాకు కూడా తెలిసిన సంగతి.

జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ 2023 జనవరిలో, ఇకపై ఆసుపత్రులను విలువ ఆధారంగా కొలుస్తామని ప్రకటించింది. రోగి సంతృప్తి, మళ్లీ చేరినవారి శాతం, రోగి జేబు నుంచి పెట్టిన ఖర్చు, రుజువైన ఫిర్యాదులు, జీవన నాణ్యతలో మెరుగుదల అని అయిదు కొలమానాలు పెట్టింది. ఆలోచన సరైన దిశలో ఉంది. కాని ఆ అయిదింటిలో మరణం లేదు. సంతృప్తి ప్రశ్నాపత్రం నింపడానికి రోగి ముందు బతికి ఉండాలి కదా.

తీర్పరి ఎవరు కావాలి

అసలు చిక్కు ఇక్కడ ఉంది. సొమ్ము చెల్లించేవాడే నాణ్యతకు తీర్పరి కావడం న్యాయం కాదు. ప్రైవేటు బీమా సంస్థకు చౌకగా వైద్యం చేసే ఆసుపత్రి మంచి ఆసుపత్రి. ఛత్తీస్‌గఢ్‌లో వలె ప్రభుత్వ ఏజెన్సీయే నేరుగా సొమ్ము చెల్లించే చోట, బకాయిల గురించి అడగని ఆసుపత్రి మంచి ఆసుపత్రి. ఈ మదింపులో అసలే కనిపించనివారు కూడా ఉన్నారు. నవా రాయపూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పిల్లల గుండె శస్త్రచికిత్సలు పైసా తీసుకోకుండా చేస్తున్నది. అక్కడ బిల్లింగు కౌంటరే లేదు. బిల్లు లేదు గనుక క్లెయిము లేదు, క్లెయిము లేదు గనుక బీమా లెక్కలో ఆ పిల్లలే లేరు. రాష్ట్రంలో పిల్లల గుండె వైద్యం ఎలా ఉందని బీమా అంకెలను అడిగితే వచ్చే జవాబు ఎంత అసంపూర్ణమో దీనినిబట్టి ఊహించవచ్చు.

అందువల్ల డిమాండు స్పష్టంగా ఉండాలి. చెల్లించేవారికీ చికిత్స చేసేవారికీ లోబడని స్వతంత్ర సంస్థ ఒకటి గుండె వైద్య ఫలితాలను సేకరించి, తనిఖీ చేసి, రోగుల తీవ్రతకు అనుగుణంగా సవరించి, ఏటా ఆసుపత్రి వారీగా ప్రకటించాలి. గుండెపోటు రోగులలో ముప్పై రోజుల, ఏడాది మరణాల శాతం, ఆసుపత్రి గడప నుంచి నాళం తెరిచేదాకా పట్టిన నిమిషాలు, నిలకడైన నొప్పికి వేసిన స్టెంట్ల వాటా, తిప్పి పంపిన రోగుల సంఖ్య అందులో ఉండాలి. రైల్వే ఆసుపత్రి, ఎస్.ఈ.సి.ఎల్. ఒప్పంద ఆసుపత్రి, ప్రభుత్వ వైద్య కళాశాల సిమ్స్, 2024 అక్టోబరులో ప్రధాని ప్రారంభించిన కోనీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కార్పొరేట్ ఆసుపత్రి అన్న భేదం లేకుండా అందరికీ ఒకే కొలబద్ద ఉండాలి. చికిత్స చేసిన వైద్యుడి రిజిస్ట్రేషన్ సరిచూడకుండా ఒక్క రూపాయి క్లెయిము కూడా చెల్లించరాదు. బీమా సంస్థ తన జాబితాతో పాటు ఈ అంకెలను అచ్చువేసి పాలసీదారు చేతికి ఇవ్వాలని నియంత్రణ సంస్థ ఆదేశించాలి. బకాయి ఎన్ని రోజులుగా నిలిచి ఉందో కూడా ఆ కాగితం మీదే ఉండాలి, పాలకుల నిర్వాకం కూడా తెలియాలి కనుక.

ఇందుకు కొత్తగా వేల కోట్లు అక్కరలేదు. సమాచారంలో చాలా భాగం ఇప్పటికే క్లెయిముల రూపంలో చెల్లించేవారి వద్ద ఉంది. లేనిది దానిని ప్రజల ముందు పెట్టే సంకల్పం. పెడితే ఏ ఆసుపత్రి బండారం బయటపడుతుందో, ఏ మంత్రి ప్రకటన వెలవెలబోతుందో వారికి తెలుసు. ఆరోగ్య బీమా అన్నది ప్రజల సొమ్ము. ప్రీమియం రూపంలో కట్టినా, పన్ను రూపంలో కట్టినా అది ప్రజలదే. సొమ్ము ఎక్కడ ఖర్చయిందో చెప్పడానికి ఆడిటరు ఉన్న దేశంలో, ఆ సొమ్ముతో ఎందరి గుండెలు మళ్లీ కొట్టుకున్నాయో చెప్పడానికి ఒక్క అధికారి కూడా లేకపోవడం సిగ్గుచేటు. ఎన్నికలప్పుడు కార్డులు చేతబట్టుకుని ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ ప్రజలు ముందుగా ఈ లెక్కే అడగాలి.